గ్లెన్ ఆల్ట్‌హౌస్ కన్ను

గ్లెన్ ఆల్ట్‌హౌస్ ఎదుట ఒక దూడ నాలుగడుగులు వేస్తే చాలు, ఏడాది తిరిగేసరికి అది ఎంత మేత తిని ఎంత కండ పడుతుందో చెప్పేస్తాడు. ఒహాయోలో, లైమా పక్క దూడల సంతలో అతని బతుకంతా అదే పని. పెద్ద పెద్ద పశువుల కొట్టాల వాళ్ల తరఫున దూడల్ని ఎంచి కొనిపెడతాడు. వేలం పాడేవాడు గొంతు చించుకుంటున్నా అటు చూడడు. అతని చూపంతా దూడ వెనక కాళ్ల మీద, నడుము మీద ఉంటుంది. నచ్చితే టోపీ అంచు ముట్టుకుంటాడు, నచ్చకపోతే ఆవులిస్తాడు. అతను ఆవులించిన దూడను కొనడానికి మిగతావాళ్లకు గుండె చాలదు.

ఈ కన్నే అతన్ని ఇంకో చోట కూడా పెద్దమనిషిని చేసింది. అది ఫాంటసీ ఫుట్‌బాల్, బంతిని చేత్తో పట్టి పరుగెత్తే అమెరికా ఫుట్‌బాల్ మీద ఆడే కాగితం ఆట. ఎవరికి వాళ్లు కాగితం మీద ఒక జట్టు పెట్టుకోవాలి. అందులో పేర్లున్న అసలు ఆటగాళ్లు ఆదివారం మైదానంలో ఎలా ఆడితే మనకు అలా పాయింట్లు వస్తాయి. దేశమంతా ఆడేదే, కాకపోతే చాలామంది ఏడాది కాగానే జట్టును చెరిపేసి మళ్లీ మొదలుపెడతారు. అలాంటివాళ్లంటే గ్లెన్‌కీ అతని స్నేహితులకీ చులకన. వీళ్లది డైనస్టీ లీగ్. ఒకసారి తీసుకున్న ఆటగాడు ఇక మనవాడే. వాడు ముసలివాడై ఆట మానేదాకా, లేదా విసుగొచ్చి మనమే వదిలేసేదాకా వాణ్ని మొయ్యాల్సిందే. పెళ్లాం పిల్లలతోనైనా ఇంత నిబద్ధంగా ఉంటారో లేదో చెప్పలేం గానీ, ఈ కాగితం జట్లతో మాత్రం ఉంటారు.

అందుకే ఏటా మే నెలలో ఒక శనివారం వీళ్లకు పండగ. కాలేజీలు ముగించుకుని పెద్ద జట్లలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లను ఆ రోజు వంతులవారీగా పంచుకుంటారు. కిందటేడు అట్టడుగున మిగిలినవాడికి మొదటి వంతు. డగ్ స్పెంగ్లర్ పొలంలో ట్రాక్టర్లు పెట్టుకునే రేకుల షెడ్డుంది, అక్కడే కూడతారు. లీగ్ పెద్ద డగ్గే. వాళ్లావిడ చేసిన కీమా బన్నులు, బీట్‌రూట్ వేసి వెనిగర్‌లో ఊరబెట్టిన గుడ్ల జాడీ, ఐసు నింపిన తొట్టిలో బీరు సీసాలు. అందరూ హైస్కూల్లో ఒకే జట్టుకు ఆడినవాళ్లు, ఇప్పుడు అందరికీ పొట్టలు, మోకాళ్ల నొప్పులు.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. ఎవరైనా లేచి కుర్రాడి పేరు చెప్పగానే ఆ కుర్రాడిలో ఒక లోపం కూడా పైకి చెప్పాలి. పొగడడానికి వీల్లేదు. లోపం చెప్పలేకపోతే వాడి ఆట సరిగ్గా చూడలేదని అర్థం, ఆ వంతు పోతుంది. లోపం తట్టక ఎవరైనా తడబడితే అందరూ గ్లెన్ వైపు తిరుగుతారు. "నువ్వు చెప్పరా, గ్లెన్" అంటారు. గ్లెన్ చెబుతాడు. రెండేళ్లో మూడేళ్లో గడిచాక చూసుకుంటే అతను చెప్పినట్టే జరిగి ఉంటుంది.

గ్లెన్‌కి ఒక్కడే కొడుకు, పేరు వేడ్. వాడికి ఊహ తెలిసినప్పటి నుంచి శనివారాలు తండ్రి పక్కన సోఫాలోనే గడిచాయి. టీవీలో కాలేజీ ఆట నడుస్తుంటే గ్లెన్ ఉన్నట్టుండి బొమ్మ ఆపేసేవాడు. "ఏం కనబడింది?" అని అడిగేవాడు. వేడ్ కళ్లు చికిలించి చూసి, "బంతి ఎటుందో చూడకుండానే తిరిగాడు నాన్నా. నడుము బాగా తిరిగింది" అనేవాడు. గ్లెన్ వాడి మెడ వెనక చెయ్యేసి నెమ్మదిగా నొక్కేవాడు. ఆ ఇంట్లో మెప్పంటే అదే. ముద్దులు, కౌగిలింతలు గ్లెన్ భార్య లొరెట్టా వంతు. ఆమె బడిలో పిల్లలకు భోజనాలు వండుతుంది, ఎవరికి ఏం పెట్టాలో ఆమెకు తెలుసు.

వేడ్ కూడా ఆటలో దిగాడు. రిసీవర్, అంటే పరుగెత్తుతూ వెళ్లి దూరంగా విసిరిన బంతిని అందుకునేవాడు. చేతులు బంగారం. వాడి చేతికి తగిలిన బంతి కింద పడగా ఊళ్లో చూసినవాడు లేడు. తెల్లారకముందే లేచి పరుగులు, స్కూలు అయ్యాక మళ్లీ పరుగులు. గ్లెన్ పొలం గట్టున కుర్చీ వేసుకుని చూసేవాడు. చూడకుండా ఉంటే బావుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు.

వాడు పదో తరగతిలో ఉండగా ఒక శుక్రవారం సాయంత్రం స్కూలు మైదానంలో ఆట. వేడ్ గుర్రంలా దూసుకుపోయాడు. అక్కడ టక్కున ఆగి వెనక్కి తిరగాలి. అలా ఆగాలంటే నడుము కిందికి దిగాలి. వాడి నడుము దిగలేదు. ఆగడానికి రెండు మూడు చిన్నడుగులు పట్టాయి. ఆ వయసు ఆటలో అదేం లెక్కలోకి రాదు, వాడు బంతి పట్టేశాడు, ఊరంతా లేచి చప్పట్లు కొట్టింది. గ్లెన్ మాత్రం పాప్‌కార్న్ కొనుక్కొస్తానని చెప్పి మెట్ల వెనక్కి పోయి నిలబడ్డాడు. పుట్టుకతో వచ్చిన బిగువు అది. దూడల్లో ఎన్నిసార్లు చూశాడో! మేత పెట్టి మార్చేది కాదు, తిప్పి తిప్పి నడిపించి మార్చేది కాదు. కొడుకు ఎక్కడిదాకా వెళతాడో, ఎక్కడ ఆగిపోతాడో అతనికి ఆ పాప్‌కార్న్ బండి దగ్గరే తెలిసిపోయింది.

తిరిగొచ్చిన మొగుడి మొహం చూసి లొరెట్టా అడిగింది. "ఏంటి అలా ఉన్నావు? వాడు బంతి పట్టాడు కదా?"

"పట్టాడు. బాగా పట్టాడు."

"నువ్వు నీ కొడుకు ఆట చూస్తున్నావా, సంతలో దూడను చూస్తున్నావా?"

గ్లెన్ మైదానం వైపు తిరిగాడు. ఆ సాయంత్రమే కాదు, తర్వాత ఏడేళ్లూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. లోపాలు చెప్పడంలో ఘనుడని పేరున్నవాడు సొంత కొడుకు దగ్గర మాత్రం నోరు కుట్టేసుకున్నాడు. దాన్ని ప్రేమ అనాలో పిరికితనం అనాలో అతనికే తెలియలేదు.

వేడ్ ఒక మాదిరి కాలేజీలో ఆడాడు. ఏప్రిల్‌లో పెద్ద జట్లు కొత్తవాళ్లను ఎంచుకునే మూడు రోజులూ ఇంట్లో అందరూ టీవీ ముందు కూర్చున్నారు. వేడ్ పేరు ఎవరూ పిలవలేదు. మూడో రోజు సాయంత్రం అన్నం ప్లేట్ల ముందు కూర్చున్నప్పుడు ఫోను మోగింది. పడమటి తీరంలోని ఒక జట్టు వాళ్లు. ఎంపిక చేయలేదు గానీ, శిక్షణకు వచ్చి చూపించుకో, నచ్చితే ఉంచుకుంటాం అన్నారు. లొరెట్టా ఏడ్చేసింది. ఊళ్లో ఇనప సామాన్ల కొట్టు మీద వాడి బొమ్మతో గుడ్డ కట్టారు. వేడ్ తండ్రి వైపు చూశాడు. గ్లెన్ లేచి వాడి మెడ వెనక చెయ్యేసి నొక్కాడు. ఆ చెయ్యి ఎప్పటికంటే ఎక్కువసేపు అక్కడే ఉండిపోయింది. వేడ్ అది సంతోషం అనుకున్నాడు.

ఆ మే నెలలో షెడ్డుకు అందరూ నవ్వు మొహాలతో వచ్చారు. ఊరి కుర్రాడు, లీగ్ మనిషి కన్న కొడుకు, ఇంతమంది కళ్ల ముందు పెరిగినవాడు ఆ ఏడు కొత్తవాళ్ల జాబితాలో ఉన్నాడు మరి. గ్లెన్ ఎన్నో రౌండులో తీసుకుంటాడో అని ముందే పందేలు వేసుకున్నారు. మొదటి రౌండులో తీసుకోడు, అంత వెర్రివాడు కాదు. చివరి రౌండులో మాత్రం తప్పకుండా తీసుకుంటాడు. ఏ తండ్రైనా తీసుకుంటాడు. డగ్‌కి ఇంకో ఆలోచన వచ్చింది. శిక్షణలో ఉన్న వేడ్‌కి ఫోను చేసి, నువ్వు మాట్లాడకుండా విను, మీ నాన్న నీ పేరు ఎలా చెబుతాడో నీ చెవులతో నువ్వే విను అని, ఫోనును గుడ్ల జాడీ వెనక ఆనించి పెట్టాడు. గ్లెన్‌కి తప్ప షెడ్డులో అందరికీ ఆ సంగతి తెలుసు.

చివరి రౌండు వచ్చింది. గ్లెన్ వంతు. అతను లేచి టోపీ సర్దుకున్నాడు.

అతని మనసులో ఏముందో చెప్పాలి, లేకపోతే మనిషిని రాయి అనుకుంటారు. చాలా ఏళ్ల కిందట లీగ్‌లోనే ఉన్న ఎర్ల్ బోమన్ తన మేనల్లుడని ఒక కుర్రాణ్ని అభిమానంతో తీసుకున్నాడు. ఆ కుర్రాడు ఒక్క ఆదివారం కూడా ఆడలేదు, ఇంటింటికీ పిజ్జాలు చేరవేసే పనిలో తేలాడు. షెడ్డంతా ఎర్ల్‌ని ఏళ్ల తరబడి ఏడిపించింది. "మీ మేనల్లుడు ఎలా ఉన్నాడ్రా? పిజ్జాలు బాగా తెస్తున్నాడా?" అని ప్రతి మే నెలలో అడిగేవాళ్లు. అందరికంటే గట్టిగా నవ్వింది గ్లెన్. ఇంటికొచ్చి వేడ్‌కి కూడా చెబితే వాడూ పడీ పడీ నవ్వేవాడు. ఆ నవ్వు తన కొడుకు మీద పడకూడదనుకున్నాడు గ్లెన్. జాలిపడి తీసుకుంటే వాడికి అవమానం, వాడు నా దగ్గర నేర్చుకున్నవాడు, వాడికే తెలుస్తుంది అనుకున్నాడు. మంచికే అనుకున్నాడు పాపం.

"అయోవా నుంచి వచ్చిన ఆ పొడుగువాడు," అని పేరు చెప్పాడు. "లోపం ఏంటంటే, భుజం కండరం రెండుసార్లు తెగింది."

డగ్ నోట్లో బన్ను అలాగే ఉండిపోయింది. తర్వాతి వంతు, ఆ రోజుకి ఆఖరు వంతు, ఎర్ల్‌ది. ఎర్ల్ నోరు పెద్దదే గానీ మనసు వెన్న. జాడీ వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, కావాలని గట్టిగా చెప్పాడు.

"నేను వేడ్ ఆల్ట్‌హౌస్‌ని తీసుకుంటున్నా. మన వేడ్‌ని! మీరెవరూ తీసుకోకపోతే మీ ఖర్మ!"

అందరూ బల్లలు చరిచి అరిచారు. గ్లెన్ కూడా నవ్వాడు. గుండె మీంచి బరువు దిగినట్టయింది అతనికి. ఆచారం ప్రకారం డగ్ అడిగాడు. "లోపం?"

"లోపమా? నాకేం కనబడి చచ్చింది! బంగారం లాంటి పిల్లోడు. గ్లెన్, నువ్వు చెప్పరా. కన్నవాడివి, నీకు తెలీకపోతే ఎవడికి తెలుస్తుంది?"

ఎర్ల్ సరదాకే అన్నాడు. "వాళ్లమ్మ చేతి వంట తిని పాడైపోయాడు" లాంటి మాటేదో వస్తుందనుకున్నాడు. గ్లెన్ అప్పటికి రెండు సీసాలు తాగి ఉన్నాడు, మనసు కాస్త తేలికపడి ఉంది. అలాంటప్పుడు ఆ షెడ్డులో ఎవరైనా లోపం అడిగితే అతని నోరు అతని మాట వినదు. ఏళ్ల అలవాటు.

"నడుము తిరగదు," అన్నాడు. "నిటారుగా పరుగెత్తుతాడు, ఆగలేడు. పదో తరగతిలోనే చూశా. చేతులు ఎంత బావుంటే ఏం లాభం? ఆగస్టులో పంపించేస్తారు."

డగ్ చెయ్యి జాడీ వైపు వెళ్లింది గానీ ఆలస్యమైపోయింది. ఎర్ల్ మొహం పాలిపోయింది. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గ్లెన్‌కి ఏం అర్థం కాలేదు. "ఏంట్రా, నేనేం తప్పు చెప్పా?" అన్నాడు.

జాడీ వెనక నుంచి వేడ్ గొంతు వినబడింది. చిన్నగా, మర్యాదగా.

"సరే నాన్నా. ఉంటా మరి."

ఫోను ఆగిపోయింది. గ్లెన్ జాడీ పక్కకు జరిపి, ఆ నల్లటి ఫోనును చేతిలోకి తీసుకుని అలా చూస్తూ నిలబడ్డాడు. డగ్ ఏదో చెప్పబోయాడు. "వాడు సంతోషపడతాడని రా… దేవుడి మీద ఒట్టు, గ్లెన్, వాడు సంతోషపడతాడనే…" గ్లెన్ వినలేదు. టోపీ అక్కడే మరిచిపోయి ట్రక్కు ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి చేశాడు, మర్నాడు చేశాడు, వేడ్ ఫోను తీయలేదు. వారం తర్వాత తీశాడు. కోప్పడి ఉంటే బావుండేది. "శిక్షణ బాగానే ఉంది నాన్నా. ఎండలు ఎక్కువ. అమ్మకి చెప్పు" అన్నాడు. పోస్టాఫీసులో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు. గ్లెన్ కూడా ఎండల గురించే ఇంకో మాట అడిగి పెట్టేశాడు. నేనన్నది అబద్ధం అని చెబుదామంటే అది అబద్ధం కాదు. అదే అతన్ని తినేసింది.

ఆ వేసవిలో దేవుణ్ని ఎప్పుడూ ఏమీ అడగని గ్లెన్, దూడల కొట్టంలో కంచెకు ఆనుకుని నిలబడి ఒక్కటే కోరుకున్నాడు. నా కన్ను తప్పు కావాలి. ఒక్కసారికి తప్పు కావాలి. ఆ తర్వాత నేను ఏ దూడనీ చూడకపోయినా ఫరవాలేదు.

కన్ను తప్పు కాలేదు. ఆగస్టు చివర్లో వేడ్‌ని పిలిచి, చేతులు చాలా బావున్నాయి, మంచి పిల్లాడివి, కానీ దిశ మార్చేటప్పుడు ఆలస్యమవుతోంది అని చెప్పి, సామాన్లు సర్దుకోమన్నారు. ఆ కబురు ఊళ్లోకి వాడికంటే ముందే వచ్చింది. లీగ్‌లో ఒకడెవడో, పోయిన మే నెలలో షెడ్డుకు రానివాడు, ఏం జరిగిందో తెలియక గ్లెన్‌కి ఫోనులో రాశాడు. "ఆగస్టు అన్నావంట, ఆగస్టే! నీ కన్నుకి దండం రా బాబూ!" గ్లెన్ ఆ ఫోనును ఎరువు కుప్పలోకి గిరాటేశాడు. తర్వాత లొరెట్టా వెళ్లి వెతికి తెచ్చి కడిగింది.

వేడ్ ఇల్లు చేరిన రోజున లొరెట్టా వాడికి ఇష్టమని కోడిమాంసం, నూడుల్స్ వండింది, బంగాళాదుంప ముద్ద మీద పోసి పెట్టింది. వాడు బుద్ధిగా అంతా తిన్నాడు. ఆమె గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లాక తండ్రి వైపు చూశాడు.

"పదో తరగతిలోనే తెలుసా నీకు?"

"ఆఁ."

"మరి చెప్పలేదేం?"

గ్లెన్ బల్ల మీద చెయ్యి రుద్దాడు. "నువ్వు ఆడుతుంటే… బావుండేది రా. చూడటానికి."

"పొద్దున్నే లేచి పరుగెత్తేవాణ్ని. నువ్వు కుర్చీ వేసుకుని కూర్చునేవాడివి. నువ్వు అంతసేపు చూస్తున్నావంటే నాలో ఏదో ఉందనుకున్నా నాన్నా." వేడ్ గొంతు పెంచలేదు. "నాకు చెప్పి ఉంటే ఆ రోజే మానేసి ఇంకో పని చూసుకునేవాణ్ని. లేదంటే అక్కడ షెడ్డులో వాళ్లకి చెప్పకుండా ఉండాల్సింది. రెంట్లో ఏదో ఒకటి."

"వేడ్, నేను…"

"నువ్వు చెప్పింది కరెక్టే కదా. వదిలెయ్."

గ్లెన్ క్షమించమని అడిగాడు. అడిగాడు, నిజంగానే, నోరు తెరిచి. మా వైపు మగవాళ్లు ఆ మాట చచ్చేముందు కూడా అనరు. వేడ్ తలూపి, "సరే" అన్నాడు. ఆ "సరే" ఆ రోజు ఫోనులో వినబడిన "సరే" లాగే ఉంది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో శనివారం గానీ ఆదివారం గానీ ఆట చూసినవాళ్లు లేరు. వేడ్ పశువుల దాణా తోలే లారీ మీద పనికి చేరాడు, ఊరి చివర ఒక గది తీసుకున్నాడు. ఆదివారం అమ్మ పిలిస్తే వచ్చి తిని, వాన గురించి, మొక్కజొన్న గురించి రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయేవాడు. సోఫాలో కూర్చునేవాడు కాదు. లొరెట్టా ఇద్దరి మధ్యా గిన్నెలు అటూ ఇటూ జరుపుతూ ఉండేది. ఒకసారి మొగుడితో అంది. "వాడు నీ మీద కోపంగా లేడు, గ్లెన్. కోపమైతే నేను తగ్గించగలను."

గ్లెన్ ఆ ఏడు తన కాగితం జట్టును పట్టించుకోలేదు. ఎవర్ని ఆడించాలో, ఎవర్ని పక్కన పెట్టాలో చూడలేదు. కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నవాడు కూడా అతని జట్టులో ఆడుతున్నట్టే ఉండిపోయాడు. వారం వారం ఓడిపోయాడు. షెడ్డువాళ్లకు అందులో ఎత్తు కనబడింది, వాళ్ల బుర్రలు అలాగే పనిచేస్తాయి మరి. ఎర్ల్ సంతలో ఎదురుపడి వీపు చరిచాడు. "ఒరేయ్ దొంగా, కావాలనే ఓడిపోతున్నావు కదూ? మేలో మొదటి వంతు కొట్టేద్దామని! వచ్చే ఏడు ఎలాంటి కుర్రాళ్లు వస్తున్నారో ముందే చూసుకున్నావన్నమాట!" గ్లెన్ తలూపి ముందుకు నడిచాడు. ఆ రోజు అతను దూడల్ని చూసి టోపీ ముట్టుకోనూ లేదు, ఆవులించనూ లేదు.

ఎర్ల్ మాట మాత్రం అతని తలలో ఉండిపోయింది. మొదటి వంతు. లీగ్‌లో దానికోసం ఒకరి పీక ఒకరు కోసుకుంటారు. పదేళ్లు మన జట్టును మోసే కుర్రాడు దొరికేది ఆ వంతులోనే. దాన్ని ఎవరికిస్తే వాడి మీద మన నమ్మకమంతా పెట్టామని అర్థం. చలికాలమంతా గ్లెన్ దాని గురించే ఆలోచించాడు. ఆలోచించే కొద్దీ అది ఒక్కటే దారిగా కనబడింది.

మే వచ్చింది. గ్లెన్ ట్రక్కు గేర్లు చెడి రిపేరులో ఉంది. "వేడ్, మీ నాన్నని షెడ్డు దగ్గర దింపి రారా" అని లొరెట్టా ఫోను చేసింది. నిజానికి ఆమె తన కారులో తీసుకెళ్లగలదు.

దారంతా రేడియోలో పశువుల ధరలు చెబుతున్నారు. షెడ్డు ముందు కంకర మీద లారీ ఆగాక గ్లెన్ దిగకుండా కూర్చున్నాడు. "లోపలికి రాకూడదూ, ఒక్క నిమిషం?"

"నేనెందుకు నాన్నా?"

"డగ్ వాళ్లావిడ బన్నులు చేసింది."

వేడ్ ఇంజను ఆపాడు. బన్ను తీసుకోవడానికే వచ్చాడు, తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపలివాళ్లు వాణ్ని చూసి మాట్లాడుకోవడం తగ్గించి, ఏం అనాలో తెలియక, "తిను బాబూ, తిను" అన్నారు. ఈసారి గుడ్ల జాడీ వెనక ఏమీ లేదు.

డగ్ పిలిచాడు. "మొదటి వంతు గ్లెన్‌ది."

గ్లెన్ లేచాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అతను ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా తియ్యలేదు.

"వేడ్ ఆల్ట్‌హౌస్," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. డగ్ అలవాటుగా ఫోనులో ఉన్న లీగ్ జాబితాలో ఆ పేరు కొట్టాడు, మళ్లీ కొట్టాడు. తల పైకెత్తకుండా మెల్లిగా చెప్పాడు. "గ్లెన్… రావట్లేదు రా. ఏ జట్టులోనూ లేనివాణ్ని అందులోంచి తీసేస్తారు, ఎర్ల్ దగ్గర్నుంచి కూడా అప్పుడే పోయాడు. ఆటగాళ్లలో వేడ్ పేరు లేదు."

"చేత్తో రాసుకో."

"రాసుకుంటే పాయింట్లు రావు కదరా."

"నేను పాయింట్లు అడగలేదు. రాసుకో."

డగ్ ఎర్ల్ వైపు చూశాడు. ఎర్ల్ కళ్లు తుడుచుకుంటున్నాడు. డగ్ పెన్ను తీసుకున్నాడు. ఆ తర్వాత, అడగకుండా ఉండాల్సింది, కానీ ఏళ్ల అలవాటు డగ్‌ది కూడా. "లోపం?" అన్నాడు.

గ్లెన్ తలుపు వైపు తిరిగి కొడుకు కళ్లలోకి చూశాడు. "ఏ లోపమూ లేదు," అన్నాడు.

ఆ షెడ్డులో గ్లెన్ ఆల్ట్‌హౌస్ చెప్పిన మొదటి అబద్ధం అది. అందరికీ తెలుసు. వేడ్‌కి అందరికంటే బాగా తెలుసు. ఒకప్పుడు తండ్రి ఏం చెప్పినా వాడికి రాయి మీద గీతలా ఉండేది. కన్నవాడి దగ్గర వాడికి మిగిలిన నమ్మకం అదొక్కటే. ఇప్పుడు అదీ పోయింది. వాడు తింటున్న బన్నును కాగితంలో చుట్టి బల్ల చివర పెట్టాడు.

"అబద్ధం ఆడకు నాన్నా," అన్నాడు మెత్తగా. "నీకు రాదు అది. మొదటి వంతు ఎందుకు పాడుచేసుకుంటావు? ఆ టెక్సస్ కుర్రాడు ఉన్నాడు కదా, రిసీవరు. వాణ్ని తీసుకో."

గ్లెన్ టోపీ బల్ల మీద పెట్టాడు. "నువ్వు… చూశావా వాడి ఆట?"

"చూశా." వేడ్ నేల వైపు చూశాడు. "నడుము బాగా తిరుగుద్ది వాడికి."

ఊరి చివర తన గదిలో ఒంటరిగా కూర్చుని, చలికాలమంతా, వాడు ఆటలు చూస్తూనే ఉన్నాడన్నమాట. బొమ్మ ఆపి, తనను తనే అడుగుతూ ఉన్నాడన్నమాట, ఏం కనబడిందని. గ్లెన్ చెయ్యి దానంతటదే కొంచెం లేచింది, మెడ వెనక పెట్టడానికి. మధ్యలో బల్ల ఉంది, అవతల అంతమంది ఉన్నారు. చెయ్యి కిందికి దిగిపోయింది.

డగ్ పెన్ను కింద పెట్టాడు. "మరి… వాడి లోపం?"

"ఇరవై నాలుగేళ్లు," అన్నాడు వేడ్. "కొత్తగా వచ్చేవాడికి ఎక్కువే. నా వయసే." తండ్రి వైపు తిరిగాడు. "నేను లారీలో ఉంటా. తొందరేం లేదు, అయ్యాకే రా."

గ్లెన్ ఆ టెక్సస్ కుర్రాడి పేరు చెప్పాడు. డగ్ ఫోనులో కొడితే వెంటనే వచ్చింది. రెండో వంతువాడు లేచి నిలబడ్డాడు.

తెరిచిన తలుపులోంచి మే నెల ఎండ కనబడుతోంది, కంకర మీద లారీ వైపు వేడ్ నడిచి వెళుతున్నాడు. గ్లెన్ చూపు తిప్పుకుందామనుకున్నాడు. ఇప్పుడైనా వాణ్ని ఊరికే కొడుకుగా చూద్దామనుకున్నాడు. నల్ల టోపీ, అమ్మ కొన్న చొక్కా, నెమ్మదైన నడక, అంతవరకే చూద్దామనుకున్నాడు. కళ్లు వినలేదు. అవి తిన్నగా వాడి నడుము మీదికి వెళ్లాయి.